విదేశీ ఎయిర్‌లైన్‌లో పైలట్‌గా చేరాలంటే: రాయగడ నుంచి సిరొంచ దాకా మనవాళ్ళకు ఒక దారి

మీ చేతిలో కమర్షియల్ పైలట్ లైసెన్స్ ఉంది, లేదా ఇంకో ఏడాదిలో వస్తుంది. ఇంట్లో అప్పు ఉంది. దుబాయ్‌లో జీతాలు బాగుంటాయట, కెనడా పీఆర్ (శాశ్వత నివాస హక్కు) ఇస్తోందట అని ఎవరో చెప్పారు. మీరు ఉండేది పర్లాకిమిడిలోనో జయపురంలోనో, లేదంటే మహారాష్ట్ర వైపు సిరొంచలోనో కిన్వట్‌లోనో. అడుగుదామంటే దగ్గర్లో తెలిసిన మనిషి ఉండడు. విశాఖలోనో హైదరాబాద్‌లోనో కన్సల్టెన్సీకి వెళ్తే వాళ్ళకు సాఫ్ట్‌వేర్ వాళ్ళ వీసాలు తెలుసు, పైలట్ లైసెన్స్ సంగతి తెలియదు. ఫ్లయింగ్ స్కూల్లో అడిగితే లైసెన్స్ గురించి గంటసేపు చెప్తారు, వీసా దగ్గరికి వచ్చేసరికి నీళ్ళు నములుతారు. అందుకని రెండూ ఒకేచోట, ఏది ముందో ఏది వెనకో ఆ వరుసలోనే రాస్తున్నాను.

ఒక సంగతి మొదటే చెప్పాలి. విమానం నడిపే అనుమతి ఇచ్చేది ఒక ఆఫీసు, ఆ దేశంలో ఉండి సంపాదించుకునే అనుమతి ఇచ్చేది వేరే ఆఫీసు. కెనడా పీఆర్ కార్డు జేబులో ఉన్నా అక్కడి రవాణా శాఖ ట్రాన్స్‌పోర్ట్ కెనడా ఇచ్చే లైసెన్స్ లేకపోతే అక్కడి ఎయిర్‌లైన్‌లో మీరు మామూలు ప్రయాణికుడే. యూరప్ పరీక్షలన్నీ పాసైనా అక్కడ పనిచేసే హక్కు లేకపోతే మీ దరఖాస్తు మొదటి వడపోతలోనే పోతుంది. లక్షలు పోగొట్టుకున్నవాళ్ళలో ఎక్కువమంది ఒకదాని వెంట పరిగెత్తి రెండోదాన్ని చూసుకోనివాళ్ళే.

మొదటి పని: అన్ని కాగితాల్లో మీ పేరు ఒకటేనా?

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. సరిహద్దు జిల్లాల తెలుగువాళ్ళకు మాత్రం అసలు చిక్కు ఇక్కడే. ఒడిశాలో చదివినవాళ్ళ సర్టిఫికెట్లలో 'వ' చాలాసార్లు 'బ' అయిపోతుంది. ఇంట్లో విజయ్, స్కూల్ రికార్డులో బిజయ్. తాతగారి పేరు పెట్టుకున్న వెంకటేశ్వరరావు, పదో తరగతి సర్టిఫికెట్‌లో బెంకటేశ్వర్ రావు. ఆధార్‌లో ఇంకో స్పెల్లింగ్. ఇంటిపేరు కొన్ని కాగితాల్లో ముందు, కొన్నింట్లో వెనక, కొన్నింట్లో ఒక్క అక్షరంగా మాత్రమే ఉంటుంది. మహారాష్ట్ర బోర్డులో చదివితే వరస ఇంకోలా ఉంటుంది: ముందు ఇంటిపేరు, తర్వాత మీ పేరు, ఆపైన తండ్రి పేరు. తల్లి పేరుకు వేరే గడి. ఆ మూడు ముక్కల పేరును అలాగే పాస్‌పోర్టులోకి ఎక్కించి, మన దేశంలో పైలట్ లైసెన్సులిచ్చే డీజీసీఏ దగ్గర తండ్రి పేరు వదిలేస్తే, విదేశీ అథారిటీ కంటికి మీరు ఇద్దరు మనుషులు.

సరిచేసే వరుస ఇదీ. పదో తరగతి సర్టిఫికెట్‌ను ఆధారంగా పెట్టుకోండి. దానికి సరిపోయేలా ఆధార్ మార్పించండి, ఆ తర్వాత పాస్‌పోర్టు. పాస్‌పోర్టులో ఉన్న పేరే అక్షరం పొల్లుపోకుండా డీజీసీఏ పరీక్షల కోసం ఇచ్చే కంప్యూటర్ నంబర్‌ రికార్డులోనూ లైసెన్స్‌లోనూ ఉండాలి. ఇంటిపేరు గడి ఖాళీగా వదలొద్దు. మొత్తం పేరును ఒకే గడిలో రాయించుకున్న పాస్‌పోర్టులకు 2022 నవంబరులో యూఏఈ విజిట్ వీసాల దగ్గర అడ్డం పెట్టింది. ఇంటర్వ్యూకి పిలుపు వచ్చాక ఆ గడి నింపుకోవడానికి పరిగెత్తితే ఎంత టెన్షనో మీరే ఊహించుకోండి. సర్టిఫికెట్‌లోనే తప్పు ఉంటే బోర్డుకు వెళ్ళాల్సిందే. ఒడిశాలో పదో తరగతికి కటక్, ప్లస్ టూకి భువనేశ్వర్. గడ్చిరోలి, చంద్రపూర్ వాళ్ళకు నాగ్‌పూర్ డివిజనల్ బోర్డు, నాందేడ్ వైపు వాళ్ళకు లాతూర్. ఎలాగూ డీజీసీఏ మీ మార్కుల మెమోలకు బోర్డు వెరిఫికేషన్ అడుగుతుంది కాబట్టి ఆ రెండు పనులూ ఒకే తిరుగుడులో పెట్టుకోండి.

పాస్‌పోర్టు విషయంలో చాలామందికి తెలియని వెసులుబాటు ఒకటుంది. 2018 జూన్ నుంచి దేశంలో ఏ పాస్‌పోర్టు ఆఫీసులోనైనా దరఖాస్తు చేసుకోవచ్చు. పర్లాకిమిడి వాళ్ళు భువనేశ్వర్ దాకా పోకుండా విశాఖ ఎంచుకోవచ్చు. సిరొంచ వాళ్ళు గోదావరి వంతెన దాటి హైదరాబాద్ వైపు రావచ్చు, నాగ్‌పూర్‌కే పోవాలని లేదు. పోలీస్ వెరిఫికేషన్ మాత్రం ఫారంలో రాసిన ఇంటి చిరునామాకే వస్తుంది. ఆ రోజుల్లో ఇంట్లో మీరు ఉండాలి.

పుట్టిన తేదీ సర్టిఫికెట్ కూడా ఇప్పుడే తీసి చూసుకోండి. ఉద్యోగ వీసాకు అవసరం పడకపోవచ్చు కానీ కెనడా, అమెరికా శాశ్వత నివాసం కాగితాల్లో అడుగుతారు. ఇంటి దగ్గరే పుట్టి, నమోదు కానివాళ్ళు మన ఊళ్ళల్లో ఇంకా ఉన్నారు. ఏడాది దాటిన పుట్టుకను ఇప్పుడు నమోదు చేయించాలంటే మేజిస్ట్రేట్ స్థాయి ఉత్తర్వు కావాలి. అది ఒక్కరోజులో అయ్యే పని కాదు.

రెండో పని: మీ గంటల్ని నిజాయితీగా లెక్క చూసుకోండి

"రెండొందల గంటలు ఎగిరాడు కదా, ఇంకా ఏటి కావాలండీ?" అని ఒక కుర్రాడి తండ్రి అడిగాడు. ఆయన అడగడంలో తప్పు లేదు. పొలం తాకట్టు పెట్టి ఆ గంటలు కొన్నాడు. కానీ భారత్‌లో కమర్షియల్ లైసెన్స్‌కు కావాల్సిన 200 గంటలతో బయటి దేశం ఎయిర్‌లైన్ పిలవడం దాదాపు జరగదు. ప్రతి దేశంలోనూ వాళ్ళ పిల్లలు అదే 200 గంటలతో క్యూలో ఉన్నారు. బయటివాణ్ణి తెచ్చి, వీసా ఖర్చు పెట్టి, శిక్షణ ఇవ్వాల్సిన అవసరం ఎవరికీ లేదు.

కొత్త లైసెన్స్ వాళ్ళకు నా సలహా మొహమాటం లేకుండా చెప్తాను: ముందు ఇక్కడే చేరండి. 2023లో ఎయిర్ ఇండియా 470 విమానాలకు, ఇండిగో 500 విమానాలకు ఆర్డర్లు పెట్టాయి. అవి వచ్చేకొద్దీ కుడి సీట్లో కూర్చునే కో-పైలట్లు కావాలి. చిన్న ఊళ్ళకు విమానాలు నడిపే ఉడాన్ పథకంలో మా జయపురం ఎయిర్‌స్ట్రిప్‌కు వచ్చిన తొమ్మిది సీట్ల సెస్నా కారవాన్ లాంటి చిన్న విమానాల మీద మొదలైనా పర్వాలేదు. అది టర్బైన్ గంటే. అయితే ఒక్క ఇంజిన్ విమానం గంటల్ని పెద్ద ఎయిర్‌లైన్లు జెట్ గంటలతో సమానంగా చూడవని తెలిసి చేరండి.

1500 గంటలు దాటి, ఎయిర్‌లైన్ ట్రాన్స్‌పోర్ట్ పైలట్ లైసెన్స్, అంటే ఏటీపీఎల్ చేతికొచ్చి, ఎయిర్‌బస్ ఏ320 లేదా బోయింగ్ 737 మీద రేటింగ్ (ఆ రకం విమానం నడిపే అర్హత) నడుస్తూ ఉంటే అప్పుడు తలుపులు తెరుచుకుంటాయి. కెప్టెన్లకు ఇంకా తేలిక. వయసు కూడా లెక్కలోకి వస్తుంది. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో నిబంధన ప్రకారం ఇద్దరు పైలట్లుండే అంతర్జాతీయ వాణిజ్య విమానాల్లో 65 ఏళ్ళు దాటితే కూర్చోకూడదు.

లాగ్‌బుక్ ఇప్పుడే బయటికి తీయండి. ఒక తెల్లకాగితం మీద ఈ గడులు గీసుకోండి: మొత్తం గంటలు, పైలట్ ఇన్ కమాండ్ గంటలు, సూపర్‌విజన్ కింద కమాండ్, కో-పైలట్, బహుళ ఇంజిన్, జెట్, ప్రస్తుత టైప్ మీద, రాత్రి, ఇన్‌స్ట్రుమెంట్, గత పన్నెండు నెలల్లో. ప్రతి ఎయిర్‌లైన్ ఫారం అడిగేది ఈ అంకెల్నే, కాకపోతే ఒక్కొక్కరు ఒక్కో రకంగా. ఇక్కడ రెండు చోట్ల జనం దొరికిపోతారు. ఒకటి, విమానం ఎగరడానికి కదిలిన క్షణం నుంచి చివరికి ఆగేదాకా లెక్కపెట్టే సమయానికీ, చక్రాలు నేల వదిలి మళ్ళీ తాకేదాకా ఉండే సమయానికీ తేడా. స్కూల్ రోజుల ఎంట్రీల్లో ఈ రెండూ కలగాపులగంగా ఉంటాయి. రెండు, సూపర్‌విజన్ కింద చేసిన కమాండ్ గంటల్ని అసలు కమాండ్ గంటల్లో కలిపేయడం. మీరు ఇచ్చిన మొత్తాన్ని డీజీసీఏ రికార్డుతో పోల్చి చూసినప్పుడు ముప్పై గంటల తేడా వచ్చినా మీ నిజాయితీ మీద అనుమానం వస్తుంది. అంకె తగ్గితే ఉద్యోగం ఆలస్యమవుతుంది. అబద్ధమని తేలితే ఇక ఆ ఎయిర్‌లైన్ వైపు చూడనక్కర్లేదు.

మూడో పని: విమానం మీద అక్షరాలు చూడండి

1944 షికాగో ఒప్పందంలోని 32వ అధికరణం సారాంశం ఇదే: విమానం ఏ దేశంలో రిజిస్టర్ అయిందో ఆ దేశం ఇచ్చిన, లేదా ఆ దేశం ఒప్పుకున్న లైసెన్స్‌తోనే దాన్ని నడపాలి. మన విమానాల మీద వీటీ అని మొదలవుతుంది. యూఏఈవి ఏ6, ఖతార్‌వి ఏ7, సింగపూర్‌వి 9వీ, అమెరికావి ఎన్, కెనడావి సీ, ఆస్ట్రేలియావి వీహెచ్. మీ డీజీసీఏ లైసెన్స్ వీటీ విమానానికి సరిపోతుంది. ఏ6 విమానం ఎక్కాలంటే అక్కడి అథారిటీ ముద్ర పడాలి.

ఆ ముద్ర రెండు రకాలు. ఒకటి వాలిడేషన్: మీ భారతీయ లైసెన్స్‌ను ఆధారంగా పెట్టుకుని కొంతకాలానికి ఇచ్చే అనుమతి. రెండోది కన్వర్షన్: ఆ దేశపు లైసెన్స్‌నే సంపాదించుకోవడం. విదేశీ పైలట్లు ఇక్కడికి వచ్చినప్పుడు మన డీజీసీఏ ఫాటా పేరుతో ఇచ్చే తాత్కాలిక అనుమతి మొదటి రకమే. కాంట్రాక్టు ఉద్యోగాలకు వాలిడేషన్ చాలు, స్థిరపడాలంటే కన్వర్షన్ కావాలి. ఏదైనా సరే, మీ లైసెన్స్ అసలైనదేనని డీజీసీఏ నుంచి నేరుగా ఆ దేశపు అథారిటీకి ధ్రువీకరణ వెళ్ళాలి. మీరు నోటరీ చేయించి పంపిన కాపీ దానికి బదులు కాదు. ఈ ధ్రువీకరణకు పట్టే సమయాన్ని మీ లెక్కలో వేసుకోండి.

నాలుగో పని: దేశం ఎంచుకోవడం

గల్ఫ్. మనలో ఎక్కువమందికి అందే దారి ఇదే. ఎమిరేట్స్, ఎతిహాద్, ఫ్లైదుబాయ్, ఎయిర్ అరేబియా, ఖతార్ ఎయిర్‌వేస్ విదేశీ పైలట్ల మీదే నడుస్తాయి. ఇక్కడ వీసా గురించి మీరు చేయాల్సింది తక్కువ: ఎంపికైతే ఎయిర్‌లైనే స్పాన్సర్ చేస్తుంది, స్థానిక లైసెన్స్ పని కూడా వాళ్ళే నడిపిస్తారు. జీతం మీద ఆదాయపు పన్ను లేదు, కుటుంబాన్ని తెచ్చుకోవచ్చు. కానీ ఉద్యోగం పోతే వీసా పోతుంది. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు ఇళ్ళూ కార్లూ వదిలేసి కుటుంబాలతో తిరిగొచ్చిన పైలట్లు ఎందరో. పదేళ్ళు చేసినా పౌరసత్వం మాట రాదు. ఇది సంపాదనకు దారి, స్థిరపడటానికి కాదు.

గల్ఫ్‌కు సర్టిఫికెట్ల అటెస్టేషన్ ఒక తతంగం. భారత్ 2005లోనే, ఒకే ముద్రతో సర్టిఫికెట్లను ఒప్పుకునే అపోస్టిల్ ఒప్పందంలో చేరింది కాబట్టి ఆ ఒప్పందంలో ఉన్న దేశాలకు విదేశాంగ శాఖ అపోస్టిల్ స్టిక్కర్ ఒక్కటి చాలు. ఒమన్, సౌదీ ఆ జాబితాలో ఉన్నాయి. యూఏఈ, ఖతార్‌లకు మాత్రం పాత పద్ధతే: ముందు సర్టిఫికెట్ ఇచ్చిన రాష్ట్ర ప్రభుత్వం, తర్వాత విదేశాంగ శాఖ, చివర్లో ఆ దేశపు ఎంబసీ. ఇక్కడ గమనించండి, మీరు ఎక్కడ ఉంటున్నారన్నది కాదు, సర్టిఫికెట్ ఏ రాష్ట్రానిదన్నది ముఖ్యం. పది రాయగడలో, ఇంటర్ విజయనగరంలో, డిగ్రీ నాగ్‌పూర్‌లో చదివినవాడు మూడు రాష్ట్రాల ఆఫీసులు తిరగాలి. మన ప్రాంతంలో ఇలాంటి చదువులే ఎక్కువ. ఏ సర్టిఫికెట్ అటెస్ట్ చేయించాలో ఎయిర్‌లైన్ చెప్పాకే మొదలుపెట్టండి, అన్నీ చేయించి డబ్బు తగలేయొద్దు.

కెనడా. స్థిరపడదామనుకునేవాళ్ళు మొదట చూసేది ఇదే. పైలట్లకు అక్కడి వృత్తి కోడ్ 72600. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అనే పీఆర్ దరఖాస్తు విధానంలో ఫెడరల్ స్కిల్డ్ వర్కర్ పద్ధతికి కనీసం ఏడాది అనుభవం, వందలో 67 పాయింట్లు కావాలి. ఒక లెక్క వేసి చూద్దాం. వయసు 29, దానికి 12. మూడేళ్ళ డిగ్రీ ఉంటే 21. ఫస్ట్ ఆఫీసర్‌గా, అంటే కో-పైలట్‌గా మూడేళ్ళ అనుభవం, 11. ఐఈఎల్‌టీఎస్ జనరల్ ఇంగ్లీషు పరీక్షలో వినడానికి 8, మిగతా మూడింటికి 7 చొప్పున తెచ్చుకుంటే 24. మొత్తం 68. గట్టెక్కాడు, అదీ ఒక్క పాయింటుతో. ఇదే మనిషి ఇంటర్ అయ్యాక నేరుగా ఫ్లయింగ్‌కు వెళ్ళి డిగ్రీ చేయలేదనుకోండి, చదువుకు 5 పాయింట్లే. మొత్తం 52కి పడిపోతుంది. లైసెన్స్ కోసం ఎన్ని లక్షలు పోసినా కెనడా దాన్ని డిగ్రీగా లెక్కపెట్టదు. ఇప్పుడు కుడి సీట్లో ఉన్న కుర్రాళ్ళకు అందుకే చెప్తున్నాను, ఇగ్నో లాంటి చోట దూరవిద్యలో డిగ్రీ పూర్తిచేయండి. లేఓవర్ హోటళ్ళలో రీల్స్ చూసే సమయం దానికి సరిపోతుంది.

67 దాటడం అర్హత మాత్రమే. ఆ తర్వాత ర్యాంకింగ్ స్కోరు మీద పిలుపు వస్తుంది. ఉద్యోగ ఆఫర్‌కు ఇచ్చే అదనపు ర్యాంకింగ్ పాయింట్లను 2025 మార్చిలో తీసేశారు, కాబట్టి ఆఫర్ లెటర్ కొనిపెడతామనే వాళ్ళ మాట వినాల్సిన పనే లేదు. 2023లో రవాణా వృత్తుల కోటాలో పైలట్లను చేర్చారు, 2025 మొదట్లో ఆ కోటానే ఎత్తేశారు. ఈ జాబితాలు మారుతూ ఉంటాయి. దరఖాస్తు చేసే వారంలో కెనడా ప్రభుత్వ వెబ్‌సైట్‌లో మీ కళ్ళతో చూసుకోండి. పీఆర్ వచ్చాక లైసెన్స్ పని మొదటినుంచీ ఉంటుంది: అక్కడి డాక్టర్ దగ్గర మెడికల్, వాళ్ళ రాతపరీక్షలు, ఫ్లైట్ టెస్ట్. ఆ నెలల్లో జీతం ఉండదు, ఇంటి అద్దె మాత్రం ఉంటుంది.

పోలీస్ క్లియరెన్స్ కూడా కెనడాకు గట్టిగా అడుగుతారు. గత పదేళ్ళలో వరసగా ఆరు నెలలు, అంతకు మించి ఉన్న ప్రతి దేశం నుంచీ కావాలి. ఫిలిప్పీన్స్‌లోనో అమెరికాలోనో ఫ్లయింగ్ నేర్చుకున్నవాళ్ళు అక్కడి నుంచి కూడా తెప్పించుకోవాలి.

ఆస్ట్రేలియా కూడా పాయింట్ల పద్ధతే. కనీసం 65 కావాలి, పిలుపు వచ్చేనాటికి 45 ఏళ్ళు నిండకూడదు. ఏరోప్లేన్ పైలట్ కోడ్ 231111. మీరు చూసుకునే వీసా జాబితాలో ఆ కోడ్ ఉందో లేదో మొదట చూడండి, లేకపోతే మిగతావి చదవడం దండగ.

యూరప్ గురించి ఆశపడేవాళ్ళకు ఒక హెచ్చరిక. భారతీయ ఏటీపీఎల్ ఉన్నా యూరోపియన్ లైసెన్స్‌గా మార్చుకోవాలంటే 13 సబ్జెక్టుల పరీక్షలు రాయాలి. ఒక్కోదాంట్లో 75 శాతం రావాలి, మొదటిది రాసినప్పటి నుంచి 18 నెలల్లో అన్నీ అవ్వాలి. 2021 నుంచి బ్రిటన్ వేరు పడింది కాబట్టి యూరప్ లైసెన్స్ బ్రిటన్‌లో, బ్రిటన్‌ది యూరప్‌లో నేరుగా చెల్లదు. ఇంత కష్టపడ్డాక కూడా యూరప్ ఎయిర్‌లైన్ ప్రకటనల్లో ఎక్కువ భాగం ఒక వాక్యంతో మిమ్మల్ని ఆపేస్తాయి: యూరోపియన్ యూనియన్‌లో నివసించి పనిచేసే హక్కు ఉన్నవారే దరఖాస్తు చేయాలి. భార్యకో భర్తకో అక్కడ ఉద్యోగం, నివాస హక్కు ఉంటే తప్ప నేనైతే ఆ పరీక్షల ఫీజు కట్టమని ఎవరికీ చెప్పను.

ఇక అమెరికా. మనవాళ్ళకు చుట్టాలు ఎక్కువ ఉన్న దేశం అదే, పైలట్లకు దారి తక్కువ ఉన్న దేశమూ అదే. మామూలు ఎయిర్‌లైన్ పైలట్ ఉద్యోగం హెచ్1బీ కిందికి రాదు, ఎందుకంటే దానికి ఫలానా సబ్జెక్టులో డిగ్రీ తప్పనిసరి కాదు. మీ భారతీయ లైసెన్స్ చూపిస్తే అక్కడ ఇచ్చేది ప్రైవేట్ పైలట్ సర్టిఫికెట్. దాంతో జీతానికి నడపకూడదు. ఎయిర్‌లైన్‌కు 1500 గంటలతో అక్కడి ఏటీపీ సర్టిఫికెట్, పైగా గ్రీన్ కార్డు లాంటి పని హక్కు కావాలి. నేషనల్ ఇంటరెస్ట్ వేవర్ (ఉద్యోగ ఆఫర్ లేకుండానే అడిగే దారి) కింద పైలట్లకు గ్రీన్ కార్డు అని ప్రకటనలు కనిపిస్తాయి. ఆమోదం వచ్చినా భారత్‌లో పుట్టినవాళ్ళ క్యూ పదేళ్ళ పైమాటే. ఎం1 అనే విద్యార్థి వీసా మీద ఫ్లయింగ్ నేర్చుకోవచ్చు. దాన్ని పట్టుకుని అక్కడే ఉద్యోగంలో ఉండిపోవచ్చని ఎవరైనా అంటే నమ్మకండి.

వియత్నాం లాంటి చోట్ల రేటింగ్ ఉన్న పైలట్లకు కాంట్రాక్టులు దొరుకుతాయి. రెండు మూడేళ్ళు చేసి గంటలు పెంచుకోవడానికి మంచివే.

ఐదో పని: ఇంగ్లీషు, మెడికల్

రెండు ఇంగ్లీషు పరీక్షలున్నాయి, కలపకండి. లైసెన్స్ మీద ఉండేది ఐకావో లెవెల్: కనీసం 4, దాన్ని మూడేళ్ళకోసారి మళ్ళీ చూపించాలి. 5 వస్తే ఆరేళ్ళు, 6 వస్తే మళ్ళీ అక్కర్లేదు. ఇమ్మిగ్రేషన్‌కు కావాల్సింది ఐఈఎల్‌టీఎస్ లాంటిది, దాని చెల్లుబాటు రెండేళ్ళు. ఒకదాని సర్టిఫికెట్ ఇంకోదానికి పనికిరాదు. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా లేదా మరాఠీ, స్కూల్లో హిందీ మాట్లాడి పెరిగిన పిల్లలకు నాలుక త్వరగా తిరుగుతుంది, మాట్లాడే పరీక్షలో భయపడక్కర్లేదు. రాసే భాగం మీద కూర్చోండి, ఎక్కువగా పోయేది అక్కడే.

భారతీయ క్లాస్ 1 మెడికల్ (కమర్షియల్ పైలట్‌కు కావాల్సిన ఆరోగ్య సర్టిఫికెట్) ఉన్నా కన్వర్షన్‌కు వెళ్ళే దేశం తన మెడికల్ తను చేస్తుంది. రంగుల చూపు, బీపీ, చక్కెర ముందే ఇక్కడ చూపించుకోండి. కోరాపుట్, రాయగడ, గడ్చిరోలి జిల్లాల వాళ్ళు ఇంకోటి కూడా: సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తవ్యాధి పరీక్ష. 2023లో మొదలైన జాతీయ మిషన్ కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా చేసి కార్డు ఇస్తున్నారు. వ్యాధి ఉంటే క్లాస్ 1 దొరకడం కష్టం. క్యారియర్ మాత్రమే అయితే భయపడకుండా ఆ కార్డు, రిపోర్టు దగ్గర పెట్టుకోండి, మెడికల్ ఎగ్జామినర్‌కు చూపించండి. తమ్ముడినో చెల్లినో ఫ్లయింగ్‌లో చేర్చే ఆలోచన ఉంటే ఫీజు కట్టకముందే ఈ పరీక్ష చేయించండి.

ఆరో పని: నోటీసు పీరియడ్

2017లో సవరించిన డీజీసీఏ నిబంధన ప్రకారం కో-పైలట్లకు ఆరు నెలలు, కమాండర్లకు ఏడాది నోటీసు. విదేశీ ఎయిర్‌లైన్ మూడు నెలల్లో చేరమంటుంది. ఈ రెండింటికీ లంకె కుదరదు. అందుకే మొదటి ఇంటర్వ్యూలోనే మీ నోటీసు ఎంతో చెప్పేయండి. చాలామంది దాచిపెట్టి ఆఫర్ వచ్చాక బయటపెడతారు, అప్పుడు చేరే తేదీ పోతుంది. ఎయిర్‌లైన్ ఒప్పుకుని ఎన్‌ఓసీ ఇస్తే ముందే వదులుతారు. ట్రైనింగ్ బాండ్ ఉంటే ఎంత మిగిలిందో కాగితం మీద రాయించుకోండి, హెచ్‌ఆర్ నోటిమాట మీద లెక్క వేయొద్దు.

ఆఫర్ సంతకం చేసి, మెడికల్ అయ్యి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ పూర్తయ్యాకే రాజీనామా పెట్టండి. "సెలెక్ట్ అయ్యాను మావయ్యా" అని ఊరంతా చెప్పేసి, రాజీనామా ఇచ్చేసి, మెడికల్‌లో ఆగిపోయినవాళ్ళ పాట్లు చూశాం.

ఏజెంట్లు

పర్లాకిమిడి, బరంపురం బస్టాండ్ల గోడల మీద గల్ఫ్ ఉద్యోగాల పోస్టర్లు చూసే ఉంటారు. ఇప్పుడు పైలట్లకూ అలాంటివే వాట్సాప్‌లో వస్తున్నాయి. 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్టరైన ఏజెంటే విదేశీ ఉద్యోగానికి మనిషిని పంపాలి. సర్వీస్ చార్జి 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్‌టీ, అంతకంటే ఎక్కువ తీసుకోకూడదు. కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఏజెంట్ పేరు కొట్టి చూడండి, నిమిషం పని. పేరున్న ఎయిర్‌లైన్ ఇంటర్వ్యూకీ వీసాకీ మీ దగ్గర డబ్బు అడగదు. మెయిల్ ఎయిర్‌లైన్ సొంత డొమైన్ నుంచి కాక ఉచిత మెయిల్ ఖాతా నుంచి వస్తే అక్కడితో ఆపేయండి.

రేటింగ్‌తో పాటు ఉద్యోగం గ్యారంటీ అనే ప్యాకేజీలు ఇంకో రకం. గ్యారంటీ ఎవరిస్తున్నారు, శిక్షణ సంస్థా ఎయిర్‌లైనా? ఎయిర్‌లైన్ లెటర్‌హెడ్ మీద లేని గ్యారంటీకి విలువ లేదు.

కాంట్రాక్టు చదివేటప్పుడు

నెల జీతం అంకె ఒక్కటే చూసి సంతకం పెట్టకండి. మూల వేతనం ఎంత, ఎగిరిన గంటలకు ఇచ్చేది ఎంత, ఎగరకపోయినా ఇచ్చే కనీస గంటలు ఎన్ని? సీజన్ తగ్గితే తేడా తెలిసేది ఇక్కడే. ఇల్లు ఇస్తారా, పిల్లల బడి ఫీజు ఎంతవరకు, లైసెన్స్ పోతే వచ్చే బీమా ఉందా, బాండ్ ఎన్నేళ్ళు? యూఏఈలో ఉద్యోగం వదిలేటప్పుడు వచ్చే గ్రాట్యుటీని మూల వేతనం మీదే లెక్కిస్తారు: మొదటి ఐదేళ్ళకు ఏడాదికి 21 రోజుల జీతం, ఆ తర్వాత 30 రోజులు. మూల వేతనం చిన్నగా, అలవెన్సులు పెద్దగా చూపిస్తే చివర్లో చేతికొచ్చేది తక్కువే.

బయల్దేరే ముందు

బ్యాంకులో చెప్పి సేవింగ్స్ ఖాతాను ఎన్‌ఆర్‌ఓగా (ఇక్కడి ఆదాయానికి ప్రవాసుల ఖాతా) మార్పించండి, విదేశీ జీతం పంపడానికి ఎన్‌ఆర్‌ఈ అనే ప్రవాసుల ఖాతా తెరవండి. ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు ఇక్కడ ఉంటే పన్ను లెక్క మారిపోతుంది కాబట్టి వెళ్ళే నెల, సెలవులకు వచ్చే రోజులు రాసిపెట్టుకోండి. రాయగడలోనో రాజురాలోనో ఉన్న నాన్నగారి పేరు మీద పవర్ ఆఫ్ అటార్నీ ఒకటి రిజిస్టర్ చేయించండి. ఫ్లయింగ్ లోన్ బ్యాంకు కాగితాల మీద సంతకాలు మీరు లేనప్పుడే అడుగుతారు.

డీజీసీఏ లైసెన్స్‌ను వదిలేయకండి. 2023 సవరణతో లైసెన్స్ గడువు ఐదేళ్ళ నుంచి పదేళ్ళయింది. కానీ మెడికల్, రేటింగ్ చెక్కులు పోతే ఆ లైసెన్స్ జేబులో ఉన్నా ఇక్కడ నడపలేరు. సెలవులకు వచ్చినప్పుడు ఢిల్లీలోనో బెంగళూరులోనో మెడికల్ చేయించుకుని, ఆ తర్వాత ఊరికి రండి. డీజీసీఏ ఆన్‌లైన్ సేవల ఈజీసీఏ పోర్టల్‌లో ఫోన్ నంబర్, మెయిల్ మార్చడం మరిచిపోవద్దు. ఓటీపీ పాత భారతీయ సిమ్‌కు వెళ్తుంటే దుబాయ్‌లో కూర్చుని ఆ పోర్టల్ తెరవలేరు.